ఊదు పడ్డ మిషను

"మళ్ళీ చెప్తన్నా, ఎవురైనా పొయ్యి ముట్టించారో, నేను ఊరుకోను!"

ఆసియా సందులో నిలబడి అరిచిన అరుపుకి గడపకో తల బయటికొచ్చింది. రాత్రంతా నిద్రలేక ఆ పిల్ల కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. జుట్టు ముడి ఊడి భుజం మీద పడింది. చేతిలో సబ్బునీళ్ళ డబ్బా ఇంకా అట్లాగే ఉంది.

వంటింట్లో అబిదా కూతురి గొంతు విని తల వంచుకుంది. ఆమె ముందు గిన్నెలో నిన్న సాయంత్రం సగం ఉడికి ఆగిపోయిన పప్పు పులిసి కూర్చుంది. షెడ్డులో సైరను కూసినప్పట్నించీ ఈ ఇంట పొయ్యి వెలగలేదు. రాత్రి బన్నులు తిని పడుకున్నారు. పడుకోవడమంటే మంచాల మీద ఒరగడమే, నిద్ర ఎవరికి పట్టింది గనక.

ఎదురింటి గుల్జార్ బేగం గుమ్మంలోంచి అందుకుంది. "ఏందే పిల్లా నీ దౌర్జన్యం? మీ ఇంట్లో గ్యాసు కారితే మేం పస్తుండాలా? నా ముక్కుకి ఏ వాసనా రావట్లా!"

"దానికి వాసనుండదు పిన్నీ. అదే కదా భయం."

"వాసన లేని గ్యాసంట, మోత లేని జనరేటరంట! రేపు నీళ్ళు లేని బావి కూడా తెస్తావులే!"

సందంతా నవ్వింది. ఆసియా నవ్వలేదు. డబ్బా అరుగు మీద పెట్టి షెడ్డులోకి వెళ్ళిపోయింది.

షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ట్రాలీ మీద తెల్లటి మిషను, బీరువాని పడుకోబెట్టినట్టు ఉంది. దాని వెనక వరసగా ఎర్ర సిలిండర్లు. హైదరాబాదు నుంచి తెచ్చి దించిన రోజునే ఆసియా తల్లికి విడమరిచి చెప్పింది. సిలిండర్లలో ఉన్నది హైడ్రోజన్. అది ఒక పక్క నుంచీ, మామూలు గాలి ఇంకో పక్క నుంచీ లోపలికి పోతాయి. మధ్యలో పల్చటి పొరలుంటాయి. అక్కడ రెండూ కలిస్తే కరెంటు పుడుతుంది, కింద గొట్టంలోంచి నీళ్ళు కారతాయి. మంటలేదు, పొగలేదు, చప్పుడు లేదు. అంతా విని అబిదా, ఆ నీళ్ళు గోరింటాకు చెట్టుకి పొయ్యొచ్చా అని అడిగింది. పొయ్యొచ్చంది ఆసియా. ఆ మిషనులో అబిదాకి నచ్చింది అదొక్కటే. మిగతాది తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ మిషనుతోనే ఎల్లుండి శివరాత్రికి ఈదరవారిపాలెం ప్రభ మీద దీపాలన్నీ వెలిగిస్తానని తను పనిచేసే కంపెనీ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఒప్పించింది ఆసియా. ఆకాశమంత వెదురు కట్టు, రంగుగుడ్డలు, దాని నిండా దీపాల బొమ్మలు. ఊరినుంచి కోటప్పకొండ చేరేదాకా ఆ దీపాలు ఆరకూడదు. ఆరితే ఊరికి అరిష్టమంటారు. ఆ ప్రభకి జనరేటరు ఇవ్వడం అబిదా మామగారు ఇమాం సాహెబ్ కాలం నుంచీ ఈ ఇంటి వాడుక. ఆ తరవాత అబిదా మొగుడు మౌలాలీ చేతిలో కూడా ఆ దీపాలు ఒక్కసారీ ఆరలేదు.

అయితే ఆ దీపాలకి మౌలాలీ ఇచ్చుకున్నది ఊరికే కాదు. డీజిలు జనరేటర్ల పక్కన నిలబడి నిలబడి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. అందుకే ఈ ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. మొగుడూ పెళ్ళాల ముచ్చట్లు కూడా సందు చివరిదాకా వినపడతాయి.

"కంపెనీ వోళ్ళు ఫోన్ చేశార్రా అన్నా," ఆసియా షెడ్డులోంచే అంది.

అక్రం పాత డీజిలు సెట్టుకి నూనె పెడుతూ తల ఎత్తలేదు. "ఏమన్నారు?"

"అలారం ఎందుకు మోగిందో తెలిస్తే సరే. తెలవకపోతే మిషను వెనక్కి పంపాలంట. జుమ్మా నమాజయ్యేలోగా బండొస్తది."

"పంపెయ్యి మరి. దేవుడు చల్లగా చూశాడనుకో. మన సెట్టు ఉందిగా, గొడ్డులాగా గుట్టుగా పడుండి పనిచేసుద్ది."

"గుట్టుగానా? అది మోగితే నరసరావుపేట సగం లేచి కూచుంటది!"

"లేస్తే లేచింది. ఆరదుగా!"

ఆసియా సిలిండర్ల వైపు తిరిగింది. మళ్ళీ ఒక్కొక్క జాయింటూ వేలితో తడిమింది. నిన్నటినుంచీ అన్నిటికీ సబ్బునీళ్ళు పోసి చూస్తూనే ఉంది, ఒక్క బుడగ రాలేదు. సిలిండరు మీటరు ముల్లు రవ్వంత కూడా దిగలేదు. లీకు లేదు. మరి ట్రాలీ కప్పు కింద బిగించిన, గ్యాసు పసిగట్టే సెన్సరు ఎందుకు కూసింది?

ఎందుకు కూసిందో ఈ ఇంట్లో తెలిసింది ఒక్క అబిదాకే.

నిన్న గురువారం. గురువారం పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకి ఊదుదానిలో నిప్పులు వేసి, ఊదు చల్లి, ఇల్లంతా తిప్పి, షెడ్డులో ప్రతి మిషనుకీ పొగ పట్టడం ఈ ఇంటికి అత్తగారు పెట్టిన ఆనవాయితీ. కొత్తగా గడప తొక్కినదానికయితే మరీ తప్పదు. "షెడ్డులోకి నిప్పు తేవద్దమ్మా, ఊదు కూడా వద్దు," అని ఆసియా ముందే చెప్పింది. "సర్లేవే," అంది అబిదా. అన్నది నిజమే. కానీ సాయంత్రం చేతిలో ఊదుదాని పొగలు కక్కుతుంటే, పిల్ల తెచ్చిన మిషను ఒక్కటే దిక్కులేనిదానిలా కనపడింది. ఎంతమంది కళ్ళు పడ్డాయో దాని మీద! బిస్మిల్లా అనుకుంటూ చుట్టూ తిప్పింది, పైదాకా ఎత్తి పట్టింది, గబగబా వచ్చేసింది. పెరట్లో నిప్పుల మీద నీళ్ళు పోస్తుండగా సైరను కూసింది.

గురువారం ఇంట్లో ఊదు వాసన వస్తే ఎవరికి అనుమానం? రాకపోతేనే అడుగుతారు.

మొదట సిగ్గుతోనూ భయంతోనూ దాచింది. తెల్లారేసరికి ఇంకో ఆలోచన వచ్చింది, అది ఇంకా చెడ్డది. తను నోరు మూసుకుంటే చాలు, మిషను వెళ్ళిపోతుంది. ఆ ఎర్ర సిలిండర్లు వెళ్ళిపోతాయి. పిల్ల ఈ నిప్పులాటలు మాని ఏ కాలేజీలోనో పాఠాలు చెప్పుకుంటుంది. తల్లిగా తను చేస్తున్నది మేలే కదా. మేలయితే మరి కూతురి మొహం చూడలేకపోతున్నదెందుకో ఆమెకి అర్థం కాలేదు.

వాకిట్లో బుల్లెట్టు ఆగింది. వీరాంజనేయులు దిగాడు. ఈదరవారిపాలెంలో మిర్చి రైతు, ప్రభ కమిటీకి పెద్ద. మౌలాలీకీ ఆయనకీ మధ్య బావా అంటే బావా అనుకునే పాత చనువు.

"ఏంది అబిదమ్మా, ఊళ్ళో ఏందేందో అంటన్నారు? మా ఇంటిది సీతమ్మ కూడా బజార్లో గుడ్డలు కొనుక్కుని వెనక ఆటోలో వస్తంది. ముందు సంగతి చెప్పండి. ప్రభకి దీపం ఉందా లేదా?"

"కూచో అన్నా," అంది అబిదా. మంచినీళ్ళు తెచ్చింది. టీ అడక్కుండానే, "పొయ్యి వెలగట్లా అన్నా," అని తలదించుకుంది.

"ఒక్క పూట ఆగు మావయ్యా," ఆసియా బయటికొచ్చింది. "కారణం పట్టుకుంటా."

"పూటెక్కడిదే అమ్మా? రేపు ప్రభకి గడలు లేపాల. నువ్వు చెప్పావని కమిటీలో నా మాట అడ్డం పెట్టా. మోత లేని ప్రభంట, పొగ లేని ప్రభంట అని కుర్రాళ్ళు కూడా సంబరపడ్డారు. ఇప్పుడు నన్ను చూసి నవ్వుతారు. సరే, నవ్వనీ. దీపం ఆరితే మాత్రం ఊరు నన్ను బతకనియ్యదు."

"డీజిలు సెట్టు రెడీ మావయ్యా," అక్రం అన్నాడు. "నిశ్చింతగా ఉండు."

ఆసియా అన్న వైపు చూసింది, తిట్టడానికి కూడా ఓపిక లేనట్టు. అరుగు మీద కూలబడింది.

"అయితే కంపెనీకి రాసేస్తా. సెన్సరు బిగించింది నేనే, సరిగ్గా బిగించలా అని. తప్పు నాదని రాస్తే మిషను మీదికి మాట రాదు. ఇంకోచోట ఇంకెవురన్నా నడుపుకుంటారు."

"నీ ఉజ్జోగం?" అంది అబిదా.

"ఉంచరు."

ఆ ఒక్క మాటా అరవకుండా అంది ఆసియా. ఈ ఇంట్లో అంత మెల్లగా మాట వినపడి ఎన్నాళ్ళయిందో.

మౌలాలీ మూలన స్టూలు మీద కూర్చుని అందరి పెదవులూ చూస్తున్నాడు. ఈ మిషను వచ్చినప్పట్నించీ ఆయనదొక అవస్థ. చెవికి వినపడక, చేతికి అదురు తగలక, నడుస్తుందో ఆగిందో తెలిసేది కాదు. అందుకని నీళ్ళు కారే గొట్టం కింద వేలు పెట్టి చూసుకునేవాడు. చుక్క పడితే "నడుస్తందిరోయ్!" అని చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. ఇప్పుడు లేచి వచ్చి కూతురి ఎదుట నిలబడ్డాడు.

"నేనే తిప్పానే," అన్నాడు, తన మామూలు కేకతో. "వాల్వు. ఏందో చూద్దామని తిప్పా. మళ్ళీ బిగించా. చెవిటి ముండాకొడుకు తిప్పాడని రాయి నీ కంపెనీకి. నీ పేరెందుకు రాసుకుంటావు?"

వీరాంజనేయులు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నువ్వు తిప్పలేదు నాన్నా," ఆసియా చేయి ఊపి సైగ చేసింది. "తాళం నా దగ్గరుంది."

"తిప్పానంటే తిప్పా! బావా, నువ్వే సాక్షి. నేను తిప్పా!"

అబద్ధమాడడం చేతకాని మనిషి. ఇన్నేళ్ళలో ఒక్క దీపం ఆరిపోనివ్వని మనిషి, ప్రభ పెద్ద ఎదుట నిలబడి తనకి పని రాదని తనే చాటుకుంటున్నాడు. అబిదా ఇంక ఆగలేకపోయింది.

"ఆయన కాదు! నేను!" అని అరిచింది. "నేనే! నిన్న ఊదు పట్టా దానికి!"

ఆసియా ముందు అర్థం చేసుకోలేదు. తరవాత నెమ్మదిగా లేచింది. "ఊదా? నిప్పులతోనా? షెడ్డులోకా?"

"మిషను చుట్టూ తిప్పా. పైకెత్తి పట్టా."

"వద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నా."

"అమ్మా, నిజంగా లీకయి ఉంటే?"

"ఉంటే నేను పోయేదాన్ని. అంతేగా."

"నువ్వొక్కదానివేనా? ఎదురింట్లో పిన్ని పిల్లలు? నాన్న? రాత్రంతా సబ్బునీళ్ళతో చస్తంటే చూస్తా కూచున్నావు కదే! ఎట్టా ఊరుకున్నావే?"

"అది పోతే బాగుండని ఊరుకున్నా!" అబిదా గొంతు పగిలింది. "నీ సిలిండర్లు చూస్తే నాకు నిద్ర రాదే. నువ్వు దాని పక్కన నిలబడితే నా గుండె నిలబడదు. పోతే పోనీ అనుకున్నా. చాలా?"

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. మౌలాలీ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. వీరాంజనేయులు ఖాళీ గ్లాసు అరుగు మీద పెట్టాడు.

తరవాత ఆసియా కళ్ళు ఎక్కడో చూస్తున్నట్టు మారాయి. "బొగ్గు పొగ," అంది తనలో తాను. "బొగ్గు పొగలో ఒక గ్యాసుంటది. ఈ సెన్సరు దాన్ని కూడా హైడ్రోజనే అనుకుంటది. ట్రాలీని లాగే ట్రాక్టరు పొగ తగలకూడదని అన్న చేత దాని పొగగొట్టం ముందుకి తిప్పించా గానీ, ఇంట్లో ఊదు సంగతి నా బుర్రకి తట్టనే లా! అన్నా, ట్రాలీని సిలిండర్లతో సహా అవతల ఖాళీ స్థలంలోకి లాక్కుపో. సెన్సరొక్కటి ఇప్పి నాకియ్యి. అమ్మా, నిప్పులు చెయ్యి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ట్రాలీ దూరంగా వెళ్ళింది. సెన్సరుకీ సైరనుకీ విడిగా బ్యాటరీ తగిలించి వాకిట్లో పెట్టింది ఆసియా. అబిదా బొగ్గులు రాజేసి ఊదు చల్లింది. నల్లటి పొడి చిటపటలాడి తెల్లటి పొగ లేచింది. కూతురు ఆ ఊదుదానిని అందుకుని మెల్లగా సెన్సరు కిందికి తెచ్చింది.

సైరను కుయ్యోమంది.

"మోగిందా?" మౌలాలీ ఎర్రగా వెలుగుతున్న చుక్క చూసి అరిచాడు.

"మోగింది నాన్నా! మోగింది!"

ఆసియా నవ్వింది, నిన్నటినుంచీ మొదటిసారి. సైరను ఆపి, తల్లిని ఒక్కసారి గట్టిగా పట్టుకుని వదిలేసింది. క్షమించిందో లేదో అబిదాకి తెలియలేదు. కంపెనీకి ఫోన్ వెళ్ళింది. అటువాళ్ళు వీడియో చూపించమన్నారు, మళ్ళీ మోగించి చూపించింది. కారణం తెలిసింది, బండి రావక్కర్లేదు, మిషను ఉంచుకోమన్నారు. "పిన్నీ, ముట్టించుకోండి పొయ్యిలు!" అని ఆసియా సందులోకి కేకేసింది. "బతికించావు తల్లీ, మీ ఇంటి బన్నులన్నా పంపలేదు!" అంది గుల్జార్ బేగం.

అబిదా వెళ్ళి స్టవ్వు వెలిగించి టీ పెట్టింది. నీలంగా మంట లేస్తుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి. టీ గ్లాసు తెచ్చి ఇచ్చినప్పుడు చూసింది, వీరాంజనేయులు మొహాన నవ్వు లేదు.

"ఏందన్నా?"

"ఒక మాట చెప్పు ఆసియా," అన్నాడాయన గ్లాసు తిప్పుతూ. "పొగ తగిలితే ఇది మోగుద్ది. మోగితే?"

"మిషను దానంతటదే ఆగిపోద్ది మావయ్యా. అదే దాని..." ఆసియా ఆగింది.

"ఎల్లుండి ప్రభ కదిలేముందు సాంబ్రాణి ఎయ్యాల. గుమ్మడికాయ మీద కర్పూరం ఎలిగించి దిష్టి తియ్యాల. దారెంట ప్రతి ఊళ్ళో ఆడోళ్ళు ఎదురొచ్చి హారతులిస్తారు. ప్రభకే కాదు, కరెంటిచ్చే బండిక్కూడా. దానికి బొట్టు పెట్టకుండా మీ సీతమ్మత్త ఎప్పుడన్నా ఊరు దాటనిచ్చిందా?"

ఆసియా మిషను తప్పు లేదని రుజువు చేసింది. ఆ రుజువుతోనే ఎల్లుండి దారిలో అది ఆరిపోతుందని కూడా రుజువైంది.

"దానికేముంది," అక్రం అన్నాడు. "సెన్సరు వైరు పీకేద్దాం. ఒక్క రోజేగా!"

"నోర్ముయ్ అన్నా! నిజంగా లీకయితే ఎవురు చెప్తారు? అంత జనంలో, నిప్పుల మధ్యలో? పీకే పనయితే నేనే దాన్ని వెనక్కి పంపుతా."

"అయితే ఒకటే దారి," అన్నాడు వీరాంజనేయులు. "ట్రాలీ దగ్గరికి హారతి రాకూడదు. సాంబ్రాణి రాకూడదు. ప్రభ ముందు, దూరంగా ఇచ్చుకోవాల. అంతేనా?"

"అంతే మావయ్యా. దూరంగా అయితే ఏం కాదు."

"మగోళ్ళకి నేను చెప్తా. ఆడోళ్ళు మీ అత్త మాట వింటారు. మీ అత్తకి మాత్రం నేను చెప్పలేను తల్లీ, నా వల్ల కాదు." ఆయన అబిదా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు అబిదమ్మా. నీ మాటంటే దానికి గురి."

కన్నకూతురు వద్దంటేనే అబిదా ఆపుకోలేకపోయింది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఇంకొకరిని ఆపమని అడుగుతుంది?

వాకిట్లో ఆటో ఆగింది. గుడ్డల మూటలు డ్రైవరుకి అప్పగించి సీతమ్మ దిగింది. చేతిలో చిన్న పళ్ళెం. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, కర్పూరం పొట్లం, పక్కన అగ్గిపెట్టె.

"ఏ వదినా, కొత్త మిషను ఏడుంది? నా కోడలు పిల్ల తెచ్చింది కదా, బజారుకొచ్చినదాన్ని ఎట్టాగూ దిష్టి తీసి పోదామని తెచ్చా," అంటూ సీతమ్మ చొరవగా లోపలికి నడిచింది. ఖాళీ షెడ్డు చూసింది, అటు ఖాళీ స్థలంలో ట్రాలీ చూసింది. "అదుగో! అక్కడ పెట్టారా?" అని అటు అడుగేసింది.

ఆసియా కదలబోయింది. ఆ పిల్లకన్న ముందు అబిదా పరుగున వెళ్ళి సీతమ్మకి అడ్డంగా నిలబడింది.

"వద్దు వదినా. దాని దగ్గరికి హారతి వద్దు. ఎల్లుండి కూడా వద్దు. దూరాన్నించే ఇద్దాం."

సీతమ్మ ఆగిపోయింది. వదిన వేళాకోళమాడుతుందేమోనని చిన్నగా నవ్వింది. అబిదా మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. అబిదా వెనక వాకిట్లో ఊదుదాని ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. సీతమ్మ దానివంక చూసింది, మళ్ళీ అబిదావంక చూసింది.

"సందు మొదట్నించే వాసన గుప్పుమంటంది వదినా," అంది, ఎవరికీ వినపడకూడదన్నట్టు చాలా మెల్లగా. "మీ ఊదు పడ్డ మిషనుకి, నా హారతి పడదా?"

అబిదా ఆమె చేతిలో పళ్ళెం అంచు గట్టిగా పట్టుకుంది.

అరుగు మీంచి మౌలాలీ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని గట్టిగా అడిగాడు. "ఏమంటందే సీతమ్మ?"

సందులో అందరూ గుమ్మాల్లోనే ఉన్నారు. ఆయనకి జవాబు చెప్పాలంటే, సీతమ్మ గుసగుసగా అన్నదాన్ని అరిచే చెప్పాలి.